చెవి పరీక్షలో ఆగిన బిడ్డ ఎవరి బాధ్యత? నెల్లూరు జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి, ప్రభుత్వ ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు, పొగతోట మొదలుకొని కావలి, ఆత్మకూరు దాకా కాన్పులు చేసే ప్రతి నర్సింగ్ హోమ్ డాక్టరుకూ నమస్కారాలు.

నేను ఉదయగిరి వైపు మెట్ట మండలాల్లో ఒక భవిత కేంద్రంలో టీచర్ని. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాలకు రకరకాల ఇబ్బందులున్న పిల్లలు వస్తారు. వాళ్లలో వినికిడి లేని పిల్లల గురించే ఈ లేఖ. నేను అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ జిల్లాలో పుట్టే ప్రతి బిడ్డకూ ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపు చెవి పరీక్ష జరగాలి. ఆ పరీక్షలో ఆగిన ప్రతి బిడ్డనూ చెవులు బాగున్నాయని తేలేదాకా, లేదంటే వినికిడి మిషనూ శిక్షణా అందేదాకా, ఒక మనిషి తన బాధ్యతగా వెంటపడి చూసుకోవాలి. మొదటిదానికంటే రెండోది కష్టం. నా బాధంతా ఆ రెండోదాని గురించే.

మా దగ్గరికి పిల్లలు బడి ఈడుకు వస్తారు. అయిదేళ్లకు, ఆరేళ్లకు, ఒక్కోసారి ఏడేళ్లకు. అప్పటికి వాళ్లకు జరిగిన నష్టం చెవిది మాత్రమే కాదు. అన్నేళ్లూ వాళ్లకు ఏ భాషా అందలేదు. తెలుగు రాదు, సైగల భాషా రాదు. మా కేంద్రానికి వచ్చిన ఒక బాబుకి తనకొక పేరుందని తెలియదు. పేరు పలకలేకపోవడం వేరు, మనుషులకు పేర్లుంటాయన్న సంగతే తెలియకపోవడం వేరు. కడుపునొప్పి వచ్చి చాప మీద ముడుచుకుని పడుకుంటే ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఏం తిన్నావు అని అడిగే దారి నాకు లేదు. వాళ్లమ్మా ఊహించి చెప్పాల్సిందే. నిన్న, రేపు అన్న ఆలోచన వాడికింకా అందలేదు. పొద్దున బండెక్కి వెళ్లిన నాన్న సాయంత్రానికి తిరిగొస్తాడని వాడికి చెప్పే మార్గం లేదు గనుక రోజూ గేటు పట్టుకుని ఏడ్చేవాడు. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. ఊడదీసి పడేసిన టార్చిలైటును మనం చూస్తుండగానే మళ్లీ బిగించేస్తాడు. అంత చురుకైన బిడ్డ అయిదేళ్లపాటు తనలో తానే బతికాడు. ఇంట్లో అందరూ వాడిని ప్రాణంగా చూసుకున్నారు, అయినా ఇలా జరిగింది.

ఎందుకు జరిగిందో ఊళ్లలో తిరిగే ఆశా కార్యకర్తలకు బాగా తెలుసు. చెవుడు కంటికి కనబడదు. వినపడని బిడ్డ కూడా అందరు పిల్లల్లాగే ఏడుస్తుంది, ఊఁ కొడుతుంది, మొదటి నెలల్లో కేరింతలు కొడుతుంది. అనుమానం వచ్చినవాళ్లు వెనకనుంచి పళ్లెం మీద గరిటెతో కొట్టి చూస్తారు. బిడ్డ తలతిప్పుతుంది. కొట్టిన మనిషి నీడ పడిందనో, గచ్చు అదిరిందనో, గాలి తగిలిందనో తిప్పి ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు మాత్రం వినపడుతోందని ఊపిరి పీల్చుకుంటారు. ఏడాదిన్నర దాటినా మాట రాకపోతే, వాళ్ల నాన్నకీ మాట ఆలస్యంగానే వచ్చింది, మగపిల్లలకు మాట లేటు అంటారు. అవ్వ వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాస్తుంది. మొక్కులు మొక్కుకుంటారు, శనివారం గొలగమూడిలో నిద్ర చేసి వస్తారు. వీటిని నేను తప్పుపట్టను. దిక్కుతోచని తల్లి పట్టుకోగలిగిన ఆసరాలు అవి. అయితే ఆ ఆసరాల మీద రెండేళ్లు, మూడేళ్లు గడిచిపోతాయి. మెదడు భాషను అన్నిటికంటే తేలిగ్గా అందుకునే కాలం సరిగ్గా అదే.

ఈ కాలం లెక్క ఊహాగానం కాదు. 1998లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలలలోపు చెవుడు బయటపడి సాయం అందిన పిల్లల భాష, ఆ తర్వాత బయటపడిన పిల్లల భాషకంటే స్పష్టంగా మెరుగ్గా ఉందని తేలింది. చెవుడు కొద్దిపాటిదైనా తీవ్రమైనదైనా ఈ తేడా కనిపించింది. ప్రపంచమంతా పాటిస్తున్న 1-3-6 లెక్క అందుకే: నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు మిషనూ శిక్షణా. మా మెట్ట ప్రాంతంలో ఆరు నెలలకు జరగాల్సింది ఆరేళ్లకు మొదలవుతోంది.

ఇక పరీక్ష. దాన్ని చూడనివాళ్లు ఏదో పెద్ద స్కానింగు అనుకుంటారు. అది చేతిలో పట్టే చిన్న మిషన్. దానికో తీగె, తీగె చివర పెసరగింజంత మెత్తటి రబ్బరు తొడుగు. పాలు తాగి నిద్రపోతున్న బిడ్డ చెవిలో ఆ తొడుగు పెడతారు. మిషన్ చిన్నగా టిక్ టిక్ శబ్దాలు పంపుతుంది. ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి శబ్దం విన్నప్పుడు తనూ ఒక సన్నటి శబ్దాన్ని వెనక్కి పంపుతుంది. ఈ సంగతి లండన్‌లో డేవిడ్ కెంప్ 1978లో కనిపెట్టారు. ఆ వెనక్కొచ్చే శబ్దం తొడుగులోని మైకుకు అందితే పాస్, అందకపోతే రెఫర్, అంటే మళ్లీ పరీక్షించి చూడాలని. సూది లేదు, రక్తం లేదు, మత్తుమందు లేదు. బిడ్డ నిద్రలో ఉంటే రెండు చెవులకూ కలిపి కొద్ది నిమిషాల పని. దీన్ని ఓఏఈ పరీక్ష అంటారు. పుట్టిన మొదటి రోజున చెవిలో ఉమ్మనీరు, జిడ్డు ఉంటాయి కాబట్టి అప్పుడు చేస్తే ఊరికే రెఫర్లు వస్తాయి. ఒకరోజు ఆగి, డిశ్చార్జికి ముందు చేస్తే సరి. నిజంగా కావాల్సింది కాస్త నిశ్శబ్దమైన చోటు. పురిటి వార్డులో చుట్టాలు, ఫ్యాన్లు, సెల్‌ఫోన్లు, పక్క మంచం మీది ఏడుపుల మధ్య ఆ సన్నటి శబ్దం మైకుకు అందదు. మందులు పెట్టుకునే చిన్న గది తలుపు వేసుకుని చేసినా చాలు.

ఎస్ఎన్‌సీయూలో, అంటే పుట్టగానే ఇబ్బంది వచ్చిన పసికందులను ఉంచే ప్రత్యేక వార్డులో పడుకోబెట్టిన బిడ్డల సంగతి వేరు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవనివాళ్లు, కామెర్లు ముదిరి రక్తం మార్చాల్సి వచ్చినవాళ్లు, ఇన్ఫెక్షన్‌కు జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు ఎక్కువ రోజులు వాడినవాళ్లు. వీళ్లలో చెవుడు మామూలు పిల్లల్లోకంటే చాలా ఎక్కువ. పైగా వీళ్లలో కొందరికి లోపలి చెవి బాగానే ఉండి, అక్కడినుంచి మెదడుకు వెళ్లే నరం దగ్గర ఇబ్బంది ఉంటుంది. అలాంటి బిడ్డ ఓఏఈలో పాసైపోతుంది, వినపడదు మాత్రం. అందుకని ఎస్ఎన్‌సీయూ బిడ్డలకు నుదుటి మీద, చెవి వెనక చిన్న ప్యాచీలు అతికించి నరం స్పందన చూసే ఏఏబీఆర్ పరీక్ష తప్పకుండా చేయాలి. ఆ మిషన్ ఎస్ఎన్‌సీయూ ఉన్న ప్రతిచోటా ఉండాలి, పక్క బ్లాకులోని ఈఎన్‌టీ విభాగంలో తాళం వేసి ఉండకూడదు.

అలాగని ఎస్ఎన్‌సీయూ బిడ్డలకు చేస్తే చాలదా, అందరికీ ఎందుకని కొందరు డాక్టర్లు అడుగుతారు. పుట్టుకతో వినికిడి లేని పిల్లల్లో దాదాపు సగం మందికి ముందుగా అనుమానించదగ్గ కారణం ఏదీ ఉండదు. మామూలు కాన్పు, మంచి బరువు, మూడో రోజు ఇంటికి. అలాంటి బిడ్డలే మాకు అందరికంటే ఆలస్యంగా దొరుకుతారు. పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఈ లోపం ఉంటుందని ప్రపంచ లెక్క. మనదేశంలో కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే కనబడింది. మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఆ మాటా చెప్పాలి. తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి అదే లోపమున్న జన్యువు బిడ్డలో కలిస్తే చెవుడు వస్తుంది. దగ్గరి బంధువుల పెళ్లిలో ఆ కలయికకు అవకాశం ఎక్కువ. ఇద్దరి నుంచీ వస్తేనే వచ్చేది, మరి నింద ఒక్క తల్లి మీదే ఎందుకు పడుతుందో నాకు అర్థం కాదు. కడుపుతో ఉన్నప్పుడు ఏం చూసిందో, ఏం తిన్నదో అని అత్తగారింట్లో విచారణలు పెడతారు. డాక్టరు నోటితో కుటుంబమందరి ఎదుట చెప్పే ఒక్క మాట ఆ విచారణలకు అడ్డుకట్ట వేయగలదు. ‘ఇది తల్లి చేసిన పని వల్ల రాలేదు’ అని దయచేసి గట్టిగా చెప్పండి.

పరీక్ష పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2007లోనే మొదలైంది. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుకతో వచ్చే చెవుడు ఉంది, జిల్లాకొక సత్వర చికిత్స కేంద్రం ఉండాలనీ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ పిల్లలందరినీ ఏడాదికొకసారైనా పరీక్షించి ప్రమాదం ఉన్నవాళ్లను గుర్తించమంటోంది, కాన్పుకు ముందూ కాన్పు సమయంలో తర్వాతా తల్లీబిడ్డల సంరక్షణ చూడమంటోంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

ప్రైవేటు నర్సింగ్ హోముల్లో కాన్పులు తక్కువ, ఒక్కొక్కరూ మిషన్ కొని మనిషిని పెట్టుకోలేరు అంటారు. ఆ మాటలో నిజం ఉంది. దానికి జవాబు కేరళలో ఎర్నాకుళం డాక్టర్లు 2003లోనే చూపించారు. ప్రతి ఆస్పత్రీ మిషన్ కొనే పని లేకుండా, శిక్షణ పొందిన మనిషి చేతి మిషన్ పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగే పద్ధతి పెట్టారు. రెఫర్ వచ్చినవాళ్లు ఒకే కేంద్రానికి వెళ్తారు. పదేళ్లు పైబడిన కాలంలో లక్షకు పైగా బిడ్డలను అలా పరీక్షించారు. మన పొగతోట వీధుల్లో ఎన్ని కాన్పుల ఆస్పత్రులున్నాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక టెక్నీషియన్ స్కూటీ మీద పొద్దున్నుంచి మధ్యాహ్నంలోపు ఆ వీధులు చుట్టి రావచ్చు. డాక్టర్లు తలా కొంత వేసుకుంటే ఆ జీతం ఎవరికీ భారం కాదు. కావలిలో, ఆత్మకూరులో ఇంకొకరు చొప్పున ఉంటే పట్టణాల ఆస్పత్రులన్నీ వచ్చేస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పరీక్ష మొదలుపెట్టిన చోట్ల కూడా బిడ్డలు చేజారిపోతున్నారు. రెఫర్ వచ్చాక ఏం జరుగుతుందో ఒక తల్లి నాకు చెప్పిన తీరు ఇది. డిశ్చార్జి రోజు. బిల్లు కట్టే హడావుడి, ఆటో వచ్చి బయట నిలబడింది. సిస్టర్ ఫైలు చేతిలో పెడుతూ ‘చెవి పరీక్ష రెఫర్ వచ్చింది, చెవిలో నీళ్లుంటాయిలే, మళ్లీ ఒకసారి చూపించండి’ అంది. ఎప్పుడు చూపించాలి, ఎక్కడ, ఎవరికి? ఏమీ లేదు. ఫైలు పుట్టింటి బీరువాలోకి వెళ్లింది. మూడేళ్ల తర్వాత బిడ్డకు మాట రాలేదని నెల్లూరు వస్తే, పెద్ద డాక్టరు పాత కాగితాలు అడిగాడు. అప్పుడు ఆ ఫైలు తీసి చూస్తే, పుట్టిన మూడో రోజే రాసిన రెఫర్ అక్కడే ఉంది. ఆ తల్లి నాకు ఆ కాగితం చూపించింది. కింద మూలన, గ్లూకోజు రీడింగుల పక్కన, నీలం ఇంకుతో ఒక్క పదం. ఆమె పదో తరగతి చదివిన మనిషి. ఆ పదం చదివింది కూడా. అదేదో ఆస్పత్రివాళ్ల లెక్క అనుకుంది.

దీనికి తోడు మన ఇళ్లలో మొదటి పురుడు పుట్టింట్లో. బిడ్డ పుట్టేది అమ్మమ్మ ఊరి దగ్గరి ఆస్పత్రిలో, కేస్ షీటులో రాసేది ఆ చిరునామా. ఇంటికొచ్చి చూసేది అమ్మమ్మ ఊరి ఆశా. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారె పెట్టి తల్లీబిడ్డను అత్తగారింటికి పంపుతారు. అది పక్క మండలం కావచ్చు, ప్రకాశం జిల్లా కావచ్చు, నాన్న పనిచేసే చెన్నై, బెంగళూరు కావచ్చు. ఇచ్చిన ఫోన్ నంబరు నాన్నది, ఆయన పనిలో ఉండి ఎత్తడు, లేదా సిమ్ మార్చాడు. ఇక్కడి ఆశా రిజిస్టరులో ‘వెళ్లిపోయారు’ అని పడుతుంది, అక్కడి ఆశాకు ఈ బిడ్డ సంగతే తెలియదు. 1-3-6 లెక్కలో మూడు అనే అంకె సరిగ్గా ఈ ప్రయాణంలోనే గల్లంతవుతుంది. ఎక్కడి పద్ధతో తెచ్చి ఇక్కడ పెట్టేటప్పుడు ఈ పుట్టింటి లెక్క ఎవరూ వేయరు.

అందుకే అడుగుతున్నాను. రెఫర్ వచ్చిన బిడ్డ కార్డు మీద కనీసం రెండు నంబర్లు రాయండి, ఒకటి అమ్మమ్మది, ఒకటి నాన్నది లేదా తాతది. అత్తగారి ఊరు, మండలం కూడా డిశ్చార్జికి ముందే అడిగి రాయండి. రెండో పరీక్షను ఆరో వారం టీకాతో కలిపేయండి. పెంటావాలెంట్ సూదికి ఏ తల్లీ రాకుండా ఉండదు, మన ఏఎన్ఎంలు ఉండనివ్వరు. అదే రోజు, అదే చోట ఓఏఈ మిషన్ ఉంటే సగం సమస్య తీరిపోతుంది. తల్లీబిడ్డల ఎంసీపీ కార్డులో టీకాల పట్టిక పక్కనే చెవి పరీక్షకు ఒక గడి ఉండాలి. అచ్చు వేయించడం ఆలస్యమైతే రబ్బరు స్టాంపు కొట్టించండి. టీకా గడి ఖాళీగా ఉంటే ఏఎన్ఎం ఎలా అడుగుతుందో ఈ గడి ఖాళీగా ఉన్నా అలాగే అడుగుతుంది. ఆశాలు కాన్పు తర్వాత 42 రోజుల్లోపు ఇంటికి వెళ్లి చూసే పని ఇప్పటికే చేస్తున్నారు. వాళ్లకు రెఫర్ బిడ్డల పేర్లు అందాలి, ఆ పని కోసం అదనంగా తిరిగినందుకు డబ్బూ అందాలి. పని పెంచి జీతం పెంచకుండా వాళ్ల మంచితనం మీద పథకాలు నడపడం న్యాయం కాదు.

వీటన్నిటికీ పైన జిల్లాలో ఒక మనిషి ఉండాలి. కమిటీ కాదు, నోడల్ ఆఫీసరు హోదాలో పది పనుల మధ్య ఇదొకటిగా చూసే అధికారీ కాదు. రోజూ పొద్దున నిన్నటి రెఫర్ల పేర్లు ముందు పెట్టుకుని, ఫోన్ చేసి, ఫలానా రోజు ఫలానా గదికి రమ్మని చెప్పి, రాకపోతే మళ్లీ చేసి, బస్సు దొరకలేదంటే ఇంకో రోజు ఇచ్చి, వేరే జిల్లాకు వెళ్లిపోతే అక్కడివాళ్లకు అప్పజెప్పి, అప్పుడే పేరు కొట్టేసే మనిషి. ఆమె దగ్గర ఉండాల్సింది ఒక ఫోను, ఒక పుస్తకం, కాస్త ఓపికగా మాట్లాడే గుణం. కలెక్టర్ గారూ, మీ నెలవారీ సమీక్షలో ఎందరికి పరీక్ష చేశారని మాత్రమే అడిగితే పెద్ద పెద్ద అంకెలు వస్తాయి, అందరూ సంతోషిస్తారు. ఎందరు రెఫర్ అయ్యారు, వాళ్లలో ఎందరికి మూడు నెలలలోపు నిర్ధారణ జరిగింది, మిగతావాళ్లు ఈరోజు ఎక్కడున్నారు అని అడగండి. ఆ మూడో ప్రశ్నకు పేరుపేరునా జవాబు చెప్పగలిగిన నెలనుంచే ఈ పని నిజంగా జరుగుతున్నట్టు లెక్క.

శబ్దానికి చెవి నరం ఎలా స్పందిస్తుందో చూసి నిర్ధారణ చేసే బెరా పరీక్షకు బిడ్డ బాగా నిద్రపోవాలి. సీతారామపురం, ఉదయగిరి నుంచి నెల్లూరు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. తల్లి తొలి బస్సెక్కితే బిడ్డ దారంతా ఒళ్లో హాయిగా నిద్రపోతుంది. ఆస్పత్రిలో వంతు వచ్చేసరికి కళ్లు తెరిచి ఆడుకుంటుంది. మత్తు సిరప్ ఇస్తారు, ఒక్కోసారి అదీ పనిచేయదు. ‘ఇవాళ కాదు, ఇంకోరోజు రండి’ అంటారు. ఆ ఇంకోరోజు కోసం తండ్రి మళ్లీ కూలి పోగొట్టుకోవాలి. దూరపు మండలాలవాళ్లకు మధ్యాహ్నం వంతులు ఇవ్వండి. ముందురోజు రాత్రి ఆస్పత్రిలోనే పడుకునేందుకు ఒక మంచం ఇవ్వండి. పడుకోబెట్టి, పాలిచ్చి, జోకొట్టడానికి చీకటిగా ఉండే ఒక గది చూపించండి. పెద్ద ఖర్చులేవీ కావు.

వినికిడి మిషన్ వచ్చాక కష్టం తీరిందనుకుంటారు. అక్కడినుంచే అసలు పని మొదలు. చంటిబిడ్డ చెవి నెలనెలా పెరుగుతుంది. గులాబీ రంగు ముద్దతో చెవి కొలత తీసి చేసిన అచ్చు కొన్ని నెలలకే వదులవుతుంది. వదులైతే మిషన్ కీచుమని కూస్తుంది. బిడ్డ చిరాకుపడి పీకేస్తుంది. తల్లి మళ్లీ పెడుతుంది, మళ్లీ పీకేస్తుంది. మన ఎండలకు చెమట పట్టి మిషన్లోకి తేమ వెళ్తుంది, తలకు రాసిన నూనె తగులుతుంది, బ్యాటరీ అయిపోతుంది, ఆ బ్యాటరీ మండల కేంద్రంలో దొరకదు. కొన్నాళ్లకు మిషన్ బట్టలో చుట్టి బీరువాలో, పట్టుచీరల పక్కన చేరుతుంది. ఇళ్లకు వెళ్లినప్పుడు నేను మొదట అడిగేది మిషన్ ఎక్కడుందని. చాలా ఇళ్లలో బీరువా తాళం తీస్తారు. శిబిరం పెట్టి, ఫొటో తీసి, మిషన్ చేతిలో పెట్టి పంపేస్తే జరిగేది ఇదే. అచ్చు మార్చే మనిషి నెలకొకసారైనా ఆత్మకూరు, ఉదయగిరి, కావలి ఆస్పత్రులకు రావాలి. బ్యాటరీలు పీహెచ్‌సీలో మందులతోపాటు ఇవ్వాలి.

తీవ్రమైన చెవుడున్న కొందరికి మిషన్ సరిపోదు, ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ కావాలి. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకంలోనూ, రాష్ట్రం ఎన్‌టీఆర్ వైద్య సేవలోనూ దానికి దారి ఉంది. ఆ దారికి వయసు పరిమితి ఉంది. పుట్టుకతో వినపడని బిడ్డకు అడిప్ కింద ఇంప్లాంట్ కావాలంటే అయిదేళ్లలోపు రావాలి. మా దగ్గరికి ఆరేళ్లకు వచ్చే బిడ్డకు ఆ తలుపు అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. ఆలస్యం ఎవరి వల్ల జరిగినా శిక్ష పడేది బిడ్డకే. ఆపరేషన్ అయినవాళ్ల సంగతీ చెప్పాలి. ఆపరేషన్ జరిగిన కొద్ది వారాలకు మిషన్ ఆన్ చేస్తారు, ఆ రోజున బిడ్డకు శబ్దం అందుతుంది, భాష కాదు. ఏది గిన్నె చప్పుడు, ఏది అమ్మ పిలుపు అని నేర్చుకోవడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఆ శిక్షణ ఇచ్చే థెరపిస్టు జిల్లా కేంద్రంలో మాత్రమే ఉంటే మెట్ట మండలాల తల్లి ఎన్నాళ్లు తిరగగలదు? వారంటీ దాటాక తీగె తెగితే వేలల్లో అవుతుంది, కూలిపని చేసే ఇంట్లో ఆ తీగె కోసం ఆగిపోయిన మిషన్లు ఉన్నాయి. వాటికి జిల్లాస్థాయిలో ఒక చిన్న నిధి పెట్టండి.

దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు చేశారు. అది వచ్చిన ఇంట్లో బస్సు చార్జీల బెంగ తగ్గింది, నేను కళ్లారా చూశాను. వైకల్యాన్ని పరీక్షించే సదరం శిబిరంలో స్లాటు దొరికి సర్టిఫికెట్ వచ్చేదాకా మాత్రం ఆ కుటుంబం చేతిలో ఏమీ ఉండదు. ఖర్చులు ఎక్కువగా ఉండేది ఆ మొదటి ఏడాదే. నిర్ధారణ అయిన బిడ్డలకు సదరంలో ముందు వరస ఇవ్వమని నా మనవి.

ఇంకొక విషయం డాక్టర్లకూ థెరపిస్టులకూ. ‘సైగలు నేర్పకండి, నేర్పితే మాట రాదు’ అని తల్లులకు చెప్పడం దయచేసి మానేయండి. సైగల భాష నేర్చుకుంటే మాట చెడిపోతుందనడానికి ఆధారం లేదు. మిషనుకు ఎదురుచూస్తున్న నెలల్లో, ఇంప్లాంట్ పనిచేయని రోజుల్లో, స్నానం చేసేటప్పుడు, నిద్రపోయే ముందు మిషన్ తీసేశాక, బిడ్డకు అందే భాష కళ్లతో చూసేదే. నేను పైన చెప్పిన బాబుకు మొదట వచ్చిన పదం సైగే. నీళ్లు. ఆ తర్వాత ఒక్క వారంలో వాడు కనిపించిన ప్రతిదాన్నీ చూపించి దాని పేరు అడగడం మొదలుపెట్టాడు. చెట్టు, కుక్క, చెప్పు, నేను. వాళ్లమ్మ వంట చేస్తూనే రెండు చేతులతో వాడికి సమాధానం చెబుతోంది, పప్పు మాడిపోయినా పట్టించుకోకుండా. ఢిల్లీలోని భారతీయ సైగల భాషా సంస్థ పదివేల పదాల నిఘంటువు 2021లోనే పూర్తి చేసింది, వీడియోలు ఫోన్లో ఉచితంగా చూడొచ్చు. అంగన్వాడీ టీచర్లకు వందో రెండొందలో పదాలు నేర్పినా ఊళ్లో ఆ బిడ్డతో మాట్లాడే మనిషి ఇంకొకరు పెరుగుతారు.

వినికిడి లేని పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మామూలుగా వినపడే తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లిదండ్రులు అప్పటిదాకా ఒక్క బధిర మనిషితోనూ కూర్చుని మాట్లాడి ఉండరు. వాళ్ల కళ్ల ముందు కనబడేది భయమే. నెల్లూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచుకుంటున్న బధిరులు ఉన్నారు. కుట్టుమిషన్ షాపు నడిపేవాళ్లున్నారు, బ్యాంకులో పనిచేసేవాళ్లున్నారు. నిర్ధారణ చెప్పిన వారంలోపు వాళ్లలో ఒకరిని ఆ ఇంటికి పంపించే ఏర్పాటు చేయండి, రానూపోనూ చార్జీలూ ఆరోజు కూలీ ఇచ్చి. తండ్రి ఇంట్లో ఉన్న రోజు చూసి పంపండి. మన ఇళ్లలో ఆస్పత్రికి తిరిగేది తల్లి, నిర్ణయాలు చేసేది తండ్రీ, తాతా. ముగ్గురూ ఒకేసారి వింటే ఇంట్లో పోట్లాటలు తగ్గుతాయి, పని ముందుకు పోతుంది.

మా మండలాల్లో వినికిడి లేని పిల్లల తల్లులు కొందరు ఒకరి నంబరు ఒకరు పెట్టుకుని రోజూ మాట్లాడుకుంటారు. అచ్చు ఎక్కడ బాగా చేస్తారు, సదరం స్లాటు ఎప్పుడు తెరుస్తారు, బిడ్డ మిషన్ పీకేస్తే టోపీ ఎలా కట్టాలి, ఇవన్నీ వాళ్లకు తెలుసు. మీ ఆశా కార్యకర్తలకు, స్టాఫ్ నర్సులకు ఈ పరీక్ష మీద శిక్షణ పెట్టినరోజు వచ్చి మాట్లాడడానికి వాళ్లు ఒప్పుకున్నారు. రెఫర్ చెప్పేటప్పుడు ఏ మాటలు వాడితే తల్లి భయపడకుండా తిరిగి వస్తుందో వాళ్లకంటే బాగా చెప్పేవాళ్లు లేరు. డీఎంహెచ్‌ఓ గారూ, తేదీ, చోటు చెప్పండి. బస్సు వేళలు చూసుకుని, పిల్లల్ని తీసుకుని మేమే వస్తాం.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంతం నుంచి ఒక భవిత కేంద్రం టీచర్